లిల్లీ పట్టుకున్న దొంగ

క్రిస్మస్ నెల వచ్చిందంటే లిల్లీ చేతిలో చర్చి లైబ్రరీ నుంచి తెచ్చిన దొంగతనాల నవల ఒకటి ఉండాల్సిందే. రక్తం, శవాలూ ఆమెకు గిట్టవు. ఈసారి దొరికినది సరిగ్గా ఆమె కోసమే రాసినట్టుంది. ఏదో కొండ ఊళ్లో, పండుగ ముందు పాస్టరమ్మ చేసిన కేకు మాయమవుతుంది. రిటైరైన పంతులమ్మ ఒకావిడ ఇంటింటికీ టీ తాగడానికి వెళ్లి కూపీ లాగుతుంది. అందరూ అబద్ధాలాడతారు, ఎవరికీ దెబ్బ మాత్రం తగలదు. అలాంటి ఊరు ఎక్కడుందో గానీ, గోదావరిఖనిలో క్వార్టర్ గుమ్మం దగ్గర కూర్చుని లిల్లీ రోజూ ఆ ఊరికి వెళ్లొచ్చేది.

లోపల భర్త శాంతిరాజ్ దగ్గు మొదలైతే మాత్రం పుస్తకం మూతపడేది. పెళ్లికి ముందు నుంచీ బొగ్గు గనిలో దుమ్ము మింగిన ఊపిరితిత్తులు అవి. డాక్టరు పీల్చే పంపు రాసిచ్చాడు. పూటపూటకూ పీలుస్తూనే ఉన్నాడు, మనిషి మాత్రం దిగజారిపోతున్నాడు. లిల్లీ దేవుడితో కూడా పోట్లాడింది.

పండుగ పిండివంటకు గరిజెలు చేద్దామని, ఏడాదికొకసారి దిగే పెద్ద మూకుడును ఆ రోజు సజ్జ మీది నుంచి దించింది. అందులో సీలు తియ్యని పంపులు, డాక్టరు రాసినవన్నీ. పండక్కి ఇంట్లో ఏ గిన్నె దిగుతుందో మొగవాడు ఏనాడు పట్టించుకున్నాడు కనుక! నవల్లో పంతులమ్మకు సాక్ష్యం దొరికినట్టే ఉందని ముందు నవ్వొచ్చింది. తర్వాత, కూతురు సుజిత పక్క గదిలో ఉందని కూడా చూడకుండా, ఒక పంపు పట్టుకుని అతని ముందుకెళ్లింది.

"ఏందయ్యా గిది? రోజు నా ముంగట పీల్చేది ఏంది మరి?"

"ఖాళీది" అన్నాడు శాంతిరాజ్ తల దించుకుని. "మెల్లగ మాట్లాడు, సుజిత వింటది. పండుగ ఎల్లినంక మెడికల్ బోర్డు ఉన్నది. అన్‌ఫిట్ అంటెనే కంపెనీ బిడ్డకు నా నౌకరి ఇస్తది. రిటైరైతే దానికేమొస్తది?"

"సస్తవయ్యా!"

"ఎట్లయినా పోయేటోన్నే. పొద్దంత బట్టల దుకాన్ల నిలబడి దాని కాళ్లు ఉబ్బుతున్నయి, చూస్తలేవా?"

నవల్లో పంతులమ్మ అయితే అందరినీ హాల్లో కూర్చోబెట్టి నిజం చెప్పేస్తుంది. లిల్లీ నోరు మూసుకుంది. ఆ వాచిన కాళ్లు ఆమె కూడా చూసింది మరి. పంపులను మళ్లీ మూకుట్లోనే పెట్టి సజ్జ ఎక్కించింది. ఆ ఏడు ఇంట్లో గరిజెలు లేవు. పండుగనాడు చర్చిలో శాంతిరాజ్ పాట మధ్యలోనే బెంచీ పట్టుకుని కూలబడితే, అతని ఎగశ్వాస ఎవరికీ వినబడకూడదని ఆమె గొంతెత్తి పాడింది. పాడుతున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది.

బోర్డు తేల్చింది: గని లోపలికి పనికిరాడు, పైన డ్యూటీ చేయొచ్చు. అంటే నౌకరి అతనిదే, బిడ్డకు రాదు.

ఇంటికొచ్చి అతను మంచం మీద వాలగానే లిల్లీ సీలు చింపి పంపు తెచ్చింది. "అయిపోయింది గదా. ఇగ పీల్చు."

"మల్ల బోర్డుకు పెట్టుకుంట" అన్నాడు రొప్పుతూ. "అప్పటికి ఇంకింత పాడైతది."

పెదాల దగ్గర పెడితే పళ్లు బిగించాడు. లిల్లీకి ఇక దాచే ఓపిక లేకపోయింది. "సుజితా!" అని కేకేసి, బిడ్డ వచ్చాక అంతా చెప్పేసింది.

సుజిత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "డాడీ, నాకద్దు ఆ నౌకరి. నోరు తెరువు."

శాంతిరాజ్ బిడ్డ తల నిమిరాడు. నోరు మాత్రం తెరవలేదు.