గంటలు తక్కువైన ఇన్‌స్పెక్టర్

మానేటిపేటలో ఎండలు ముదిరాయంటే తహసీన్ ముక్కుకు పని పెరిగేది. ఆ చిన్న మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరినప్పటి నుంచీ ఆమెకు ఊరంతా వాసనలతోనే గుర్తు. బస్టాండు హోటల్లో మరిగి మరిగి నల్లబడ్డ నూనె, మటన్ మార్కెట్ వెనక మురికి కాలువ, మరమగ్గాలు నడిచే సాంచాల కాలనీ సందుల్లో పులిసిన గంజి. ఆమె స్కూటీ చప్పుడు వినగానే హోటళ్లవాళ్లు నిన్నటి కూరల గిన్నెలు బల్ల కిందికి తోసేవారు. ఆమె నేరుగా వచ్చి ఆ బల్ల కిందికే వంగేది.

"ఆడివిల్లవు, నీకెందుకు మేడం గీ గలీజు కొలువు?" అన్నాడొకసారి ఒక హోటలు యజమాని.

"గలీజు చేసేది మీరు. నేను చూసుడే," అంది ఆమె, గిన్నె బయటికి లాగుతూ.

తండ్రి హమీద్ పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మంచాన పడ్డాడు. తాను పోయేలోపు కూతురు తన కాళ్ల మీద నిలబడాలని పట్టుబట్టి శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సులో చేర్చింది ఆయనే. ఆయన పోయాక తల్లి ఉమ్రావ్ బేగం, తహసీన్ ఇద్దరే మసీదు వెనక అద్దె ఇంట్లో ఉండేవారు. తహసీన్ ఊరు తిరిగొచ్చి చెప్పులు బయటే కడిగి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, అప్పుడు గానీ తల్లి పక్కన కూర్చునేది కాదు.

ఆ ఏడాది కొత్త నిబంధన వచ్చింది. పారిశుధ్యం చూసే ప్రతి ఇన్‌స్పెక్టరూ ఏటా కొన్ని గంటల శిక్షణ పూర్తి చేయాలి. మార్చి ఆఖరులోగా గంటలు నిండకపోతే నమూనాలు తీసే అధికారం, దుకాణాలకు తాళం వేసే అధికారం ఆగిపోతాయి. మళ్లీ శిక్షణ పొందేదాకా అంతే. తహసీన్‌కు ఆ నిబంధన నచ్చింది కూడా.

"మంచిదే గద, మనం సదివిన సదువు పాతవడ్డది," అంది తోటి ఇన్‌స్పెక్టర్ సాయిచంద్‌తో.

సాయిచంద్ నవ్వాడు. అతను ఫోన్లో పాఠం నడవనిచ్చి, దాన్ని బోర్లా పెట్టి చాయ్ తాగేవాడు. అలాగే సగం గంటలు నింపుకున్నాడు. తహసీన్ మాత్రం ఆ పాఠాలు కుదురుగా కూర్చుని వినాలనుకుంది. కుదురు దొరకలేదు. చివరికి మార్చి నెలాఖరున కరీంనగర్‌లో జరిగే క్లాసు ఒక్కటే మిగిలింది. అక్కడ కూర్చుని వస్తే ఆమె గంటలు నిండుతాయి.

సరిగ్గా ఆ వారంలోనే సాంచాల కాలనీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ముందు రెండిళ్లలో, తర్వాత సందంతా. మర్నాడు క్లాసుకు బయల్దేరాల్సిన తహసీన్‌ను కమిషనర్ ఓంప్రకాశ్ తన గదికి పిలిచాడు.

"ఇద్దరూ పోతే ఎట్లమ్మా? పేపరోళ్లు నా పానం తీస్తుండ్రు. సాయిచంద్ పోతడు, నువ్వు ఉండు."

"నా గంటలు నిండయి సార్. పవర్ పోతది."

"ఏం ఫికర్ చెయ్యకు. పైకి నేను చెప్త. నీ అసొంటి మనిషికి పవర్ లేదంటరా ఎవలన్న?"

ఆ మాటకు ఆమె కరిగిపోయింది. పొగడ్తలు ఆమెకు అంతగా అలవాటు లేదు.

కాలనీలో ఇల్లిల్లూ తిరిగింది. కుళాయి నీళ్లు చూసింది, పైపులు తవ్వించింది. అందులో తేడా కనిపించలేదు. అప్పుడు మనుషుల్ని అడగడం మొదలుపెట్టింది. ఏం తిన్నారు, ఏం తాగారు, ఎక్కడ తాగారు. సాంచాలకు నూలు కండెలు చుట్టే బాలలక్ష్మి ఇంట్లో పదేళ్ల నవ్యశ్రీ చాపమీద వాడిన ఆకులా పడి ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి.

"ఏం తిన్నది అక్కా?"

"ఇంట్ల అన్నమే మేడం. మొన్న ఎండకు ఏడుస్తుంటె ఐస్ గోలా కొనిచ్చిన. నేనే కొనిచ్చిన," అంది బాలలక్ష్మి.

పక్కింట్లోనూ గోలా. ఎదురింట్లో షర్బత్, అందులోనూ అదే ఐసు. గోలా బండివాడిని పట్టుకుంటే, ఊరి చివర భానుప్రసాద్ ఐస్ ఫ్యాక్టరీ పేరు చెప్పాడు.

తహసీన్ తన స్కూటీ మీదనే తల్లీబిడ్డలను ఆసుపత్రికి చేర్చింది. అక్కడి నుంచి కరీంనగర్ పంపారు. నవ్యశ్రీ దారిలోనే పోయింది. శవం తిరిగొచ్చినప్పుడు కాలనీలో సాంచాలు ఆగాయి. కానీ ఆ పూటకే. ఆపితే కూలి పోతుందని సాయంత్రానికి మళ్లీ నడిపించారు. ఆ చప్పుడులోనే బాలలక్ష్మి ఏడ్చింది. ఎవరికీ వినబడలేదు.

"వాన్ని ఇడవ అక్కా," అంది తహసీన్ ఆమె చెయ్యి పట్టుకుని. "నీ బిడ్డను మింగినోన్ని కోర్టుకు ఎక్కిస్త."

అప్పటికి మార్చి దాటి రెండు రోజులైంది. ఆ సంగతి తహసీన్‌కు తెలుసు. కరీంనగర్ నుంచి వచ్చేసిన సాయిచంద్‌కు ఫోన్ చేసింది.

"నీకు పవర్ ఉన్నది గద, జర వచ్చి నమూనా తియ్యి. నేను పక్కన ఉంట."

"భానుప్రసాద్ దగ్గరనా? నాకు జరమొచ్చింది తహసీన్," అన్నాడు అతను. వెనక టీవీలో క్రికెట్ నడుస్తోంది.

ఇంకొక రోజు ఆగితే భానుప్రసాద్ తొట్లన్నీ కడిగేస్తాడు. కమిషనర్ మాట ఇచ్చాడు కదా అనుకుంది. ఒంటరిగానే వెళ్లింది. ఫ్యాక్టరీ బోరు ఎండిపోయి, వెనకున్న పాత బావి నీళ్లు తోడుతున్నారు. బావికి నాలుగడుగుల దూరంలో కాలనీ మురికి కాలువ గట్టు తెగి పారుతోంది. బావి నీళ్లు, ఐసు దిమ్మ ముక్కలు సీసాల్లో తీసింది. సీలు వేసింది. గేటుకు తాళం వేసింది.

భానుప్రసాద్ కోపం చేసుకోలేదు. కుర్చీ తెప్పించాడు. "కూసో చెల్లె, ఎండల తిరిగినవ్," అన్నాడు. ఆమె కూర్చోలేదు. "మంచిది. మనం మల్ల కలుస్తం," అన్నాడు అంతే మెల్లగా.

ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. ఆ నీళ్లలో మలం కలిసిందని తేల్చారు. తహసీన్ ఆ కాగితం తీసుకుని బాలలక్ష్మి ఇంటికి వెళ్లి చదివి చెప్పింది. బాలలక్ష్మి అర్థమైనట్టు తలూపింది.

భానుప్రసాద్ వేసిన అప్పీలు మీద జిల్లా అధికారి విచారణ పెట్టిన రోజున బాలలక్ష్మి కూలి మానుకుని వచ్చింది. కూతురి బడి ఫోటో కొంగులో పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చుంది. భానుప్రసాద్ వకీలు ఐసు గురించి ఒక్క మాటా అడగలేదు.

"మీరు నమూనా తీసిన రోజుకు మీ శిక్షణ గంటలు నిండినయా మేడం?"

"కమిషనర్ సారు నన్ను ఉండమన్నరు. పిల్లలు సస్తుంటె..."

"నిండినయా, లేదా?"

"లేదు."

"అంటే ఆ రోజు మీకు అధికారం లేదు."

విచారణాధికారి కళ్లద్దాలు తీసి ఓంప్రకాశ్ వైపు తిరిగాడు. "ఆమెను మీరే ఆపారా?"

ఓంప్రకాశ్ ఆమె వైపు చూడలేదు. "లేదు సార్. ఇద్దర్నీ క్లాసుకు పొమ్మన్నాను. ఆమె పోలేదు. ఎందుకు పోలేదో ఆమెనే అడగాలి."

తహసీన్ లేవబోయి మళ్లీ కూర్చుంది.  నాలుగు గోడల మధ్య అన్న మాటకు సాక్షి ఎవరు? వకీలు చేతిలోని పెన్ను మూత పెట్టాడు. ఇక తనకు పని లేదన్నట్టు.

"నీళ్లలో ఏముందన్నది తర్వాత," అన్నాడు అధికారి. "తీసినవారికి తీసే హక్కు లేనప్పుడు ఆ నమూనా నమూనా కాదు. తాళం తీయండి."

బయట చింతచెట్టు కింద బాలలక్ష్మి ఎదురొచ్చింది.

"నువ్వు క్లాసుకు పోలేదట, అందుకే కొట్టేసిన్రు. నిజమేనా మేడం?"

"నీ బిడ్డ కోసమే ఆగిన అక్కా."

"నా బిడ్డ కోసమా? నువ్వు ఐసు తీసేనాటికే నా బిడ్డ మట్టిల ఉన్నది." ఆమె గొంతు పెంచలేదు. "నీకు పవర్ లేదని ఎర్కే గద. ఎర్కుండే తీసినవ్. పవర్ ఉన్నోన్ని రెక్క వట్టి గుంజుకొస్తే వాడు దొరుకుతుండె. వాన్ని నువ్వే ఇడిపిచ్చినవ్."

 తహసీన్ ఆ మాటలో అబద్ధం వెతికింది. దొరకలేదు.

భానుప్రసాద్ ఫ్యాక్టరీ ముందు టపాకాయలు కాల్చారు. అదే సాయంత్రం కాలనీకి గోలా బండి వచ్చింది. పిల్లలు మూగారు. తహసీన్ భానుప్రసాద్ దగ్గర పైసలు తిని కావాలనే కేసు చెడగొట్టిందని కాలనీలో పాకింది. ఆమె స్కూటీ ఆ సందులోకి వెళ్తే ఆడవాళ్లు తలుపులు వేసుకునేవారు. ఒకరోజు ఎవరో మిద్దె మీది నుంచి ఆమె నెత్తిన గంజి కుమ్మరించారు. ఇంటికొచ్చిన కూతుర్ని చూసి ఉమ్రావ్ బేగం హడలిపోయింది.

"క్యా హువా బేటీ? ఎవరు చేసిన్రు?"

"ఎవరో ఏంది అమ్మీ. అందరు," అంది తహసీన్.

అధికారం లేకుండా తాళం వేసినందుకు ఆమెకు మెమో వచ్చింది. మళ్లీ మొత్తం శిక్షణ చేయాలన్నారు. కరీంనగర్‌లోనే, అదే హాలులో. పాఠం చెప్పే వనజ గొంతు మెత్తగా, పాట పాడినట్టు ఉండేది. మూడో రోజు ఆమె నవ్వుతూ అంది: "ఇప్పుడొక నిజమైన ఉదాహరణ చెప్పుకుందాం. పేర్లొద్దు. ఒక ఊళ్లో ఒక ఐస్ ఫ్యాక్టరీ..."

హాలులో తలలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తిరిగాయి. సాయిచంద్ కూడా తిరిగాడు. అతన్ని మంచి క్రమశిక్షణ గల ఉద్యోగి అని ఆ క్లాసులో నాలుగు మాటలు మాట్లాడమని పిలిచారు.

"ఆ ఉద్యోగి చేసిన తప్పేమిటి? వెనక వరుసలో మేడం, మీరు చెప్పండి."

తహసీన్ లేచి నిలబడింది. పక్కనెవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ఆమెకు అధికారం లేదు. అయినా పోయింది," అంది.

"పిల్లలు చనిపోతున్నారు కదా, పోవద్దా మరి?"

 వనజ తల పక్కకు వంచి ఓపికగా చూస్తోంది.

"పోవద్దు," అంది తహసీన్.

"చాలా బాగా చెప్పారు," అని వనజ చప్పట్లు కొట్టించింది.

ఆ పరీక్షలో తహసీన్‌కు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. సర్టిఫికెట్ చేతికిచ్చిన రోజే ఉట్నూర్ వైపు బదిలీ చేశారు. తల్లి ఆ అడవి దారిలో ఉండలేనని తన తమ్ముడి దగ్గరికి భైంసా వెళ్లిపోయింది. తహసీన్ ఒక గది తీసుకుని ఒంటరిగా ఉంది. అక్కడ గూడేలకు జీపుల్లో పోవాలి. ఆమె పోయేది, చూసేది, వచ్చేది. ఎవరి బల్ల కిందికీ వంగేది కాదు.

మళ్లీ మార్చి వచ్చి పోయింది. ఆదిలాబాద్‌లో ఆఖరి క్లాసు ఏప్రిల్‌కు వాయిదా పడింది, అది అయ్యేదాకా ఆమె అధికారం ఆగింది. క్లాసు రోజు పొద్దున బస్సు ఎక్కబోతుంటే, గూడెం ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు మమతారాణి ఫోన్ చేసింది.

"మేడం, గూడెంల కక్కుడు పెట్టింది. బాయిల ఏదో వడి సచ్చినట్టున్నది. అయినా అవే నీళ్లు తాగుతుండ్రు. నేను చెప్తే ఇనరు, మీరొచ్చి బాయి మూపియ్యుండ్రి."

"నాకు క్లాసున్నది."

"ఒక ముసలవ్వ మస్తు డీలా వడ్డది మేడం. బతికేటట్టు లేదు."

"అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యి."

"వాగు దాటి రాదంటుండ్రు. మీరు జీపు తెస్తే..."

తహసీన్ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడింది. కండక్టరు విసుక్కుంటూ బస్సు రేకు తట్టాడు. "నా గంటలు ఇయ్యాల నిండుతయ్ మమతా. గవి నిండకుంటె నేనొచ్చినా లాభం లేదు," అని ఫోన్ ఆపేసి లోపలికెక్కింది.

క్లాసులో ముందు వరుసలో కూర్చుంది. దోమల గురించి చెప్పారు. ఆమె అంతా శ్రద్ధగా రాసుకుంది. మధ్యాహ్నం భోజనం కూడా చేసింది. హాజరు సంతకం పెట్టి బయటపడి, జీపు మాట్లాడుకుని, పొద్దు వాలేలోపు గూడెం చేరింది.

ముసలావిడను అప్పటికే తీసుకుపోయారు. ఆమె పేరు కూడా తహసీన్‌కు తెలియదు. బావి అంచున మమతారాణి ఒక్కతే నిలబడి ఉంది. తహసీన్ చేతికి తొడుగు వేసుకుని, బకెట్ దించి, సీసా నింపింది. మూత బిగించింది. లక్క కరిగించి సీలు వేసింది. 

"పొద్దుగాల్ల వస్తే అవ్వ బతికేది మేడం," అంది మమతారాణి.

"పొద్దుగాల్ల నాకు పవర్ లేకుండె," అంది తహసీన్, సీసా మీద తేదీ వేస్తూ.