పొట్టేలు మెడలో కోర

కొల్లాపూర్ కాలేజీలో జువాలజీ చెప్పే రోజుల్లో, ఎండాకాలం కృష్ణ నీళ్లు వెనక్కి తగ్గగానే ఒడ్డున తేలిన గులకరాళ్లలో పాతకాలపు జంతువుల ఎముకలు ఏరుకునేవాణ్ణి. అక్కడ గొర్రెలు మేపే తాత ఒకాయన పరిచయమయ్యాడు. నా చేతిలో ఏది కనిపించినా తీసుకుని నాలుకకు ఆనించేవాడు. "అంటుకుంటే బొక్క, జారితే రాయి సారూ" అనేవాడు. తర్వాత దాన్ని ధోతికి తుడిచి మరీ తిరిగిచ్చేవాడు. ఏది ఎముకో ఏది రాయో చెప్పడంలో ఆయన నాలుక నాకు తెలిసి ఒక్కసారీ తప్పలేదు.

ఒకరోజు ఆయన మందకు ముందు నడిచే పొట్టేలు మెడలో కొడవలిలా వంగిన కోర చూశాను. అంచు రంపంలా ఉంది. ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్న కత్తికోరల పులిదే! తాడు కోసం దాని మొదలు దగ్గర బర్మాతో బెజ్జం వేయించాడు.

"ఎంత పని జేసినవ్ తాతా! లక్షల ఏండ్ల కిందటి పన్ను ఇది."

"గన్నేండ్లు మట్టిల ఊకెనే పండుకుంది సారూ. మూడేండ్ల సంది నా మంద దిక్కు తోడేలును రానిస్తలేదు."

బతిమాలాను. ఆయన దాన్ని ఇంకొక్కసారి నాలుకకు ఆనించుకుని నా చేతిలో పెట్టాడు. కాలేజీలో అద్దాల అల్మారాలో ఉంచి తాళం వేశాను.

మరుసటి ఎండాకాలం మంద ముందు ఆ పొట్టేలు లేదు. తోడేలు కొట్టిందన్నాడు. ఆయన ముఖంలో కోపం గానీ ఎత్తిపొడుపు గానీ లేవు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు:

"మీ అల్మారికైతే ఏం కాలే గద సారూ?"