గోడకి జాలి

మన టిఫిను హోటలు వదిన శుక్రవారం తెల్లవారుతుండగా పోయింది. రాయగడ బజారులో ఈ సంగతి తెలియని కొట్టు లేదు. అయినా కాగితం మీద ముందు రాయవలసిన మాట అదే కదా. రోజూ పొయ్యి వెలిగించే ముందు వీధిలోకి వచ్చి ఒక్కొక్కరి ఆరోగ్యం అడగడం ఆమె అలవాటు. ఇంక అడిగే మనిషి లేదు గనక ఈసారికి నేను అడుగుతాను.

రొట్టెల బట్టీ బాబాయిగారూ, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇస్త్రీ కొట్టు తమ్ముడూ, బొగ్గుల వేడికి వచ్చే నీ తలనొప్పి తగ్గిందా? బట్టల కొట్టు షావుకారు గారూ, మీ రక్తపోటు దిగిందా? దిగే ఉంటుంది, మీ కొత్త మేడలో గాలి బాగా ఆడుతుందని అందరూ అంటున్నారు. మీరంతా చల్లగా ఉన్నారు. సంతోషం. మిమ్మల్ని చల్లగా ఉంచిన మనిషి మాత్రం ఊపిరి అందక పోయింది.

ఆదివారం సంతాప సభలో పంచడానికి నాలుగు మంచి మాటలు రాయమని బజారు సంఘం వాళ్లు అడిగారు. ఆమె పక్కన ఇన్నేళ్లు గాజుల కొట్టు నడిపినదాన్ని కాబట్టి అడిగారు. నా చదువు మూడో తరగతి. తప్పులుంటే ప్రెస్సువారు దిద్దుకోవచ్చు. కోపాన్ని మాత్రం దిద్దవద్దు.

మా వరస కొట్లన్నీ రేకుల కప్పులవి. వేసవిలో లోపల కూర్చుంటే పెనం మీద అట్టులా ఉండేది. పట్టపగలు కూడా చీకటే, లైటు వేద్దామంటే కరెంటు ఉండదు. వదిన వంటగది మరీ అన్యాయం. రెండు కట్టెల పొయ్యిలు, ఒక్కటే గుమ్మం. బయటికి దారి లేని పొగంతా తినేవాళ్ల కళ్లలోకి పోయేది. పేపరు మిల్లుకి వెదురు తోలే లారీ డ్రైవర్లు ఆమెను ఏడిపించేవారు.

“ఏటి పెద్దమ్మా, సెట్నీలో మిరపకాయ నేదు గానీ కళ్లమ్మట నీళ్లు కారతన్నాయి?”

“ఇడ్లీకి డబ్బులు, ఏడుపు ఊరికినే, తినండ్రా!” అనేది వదిన.

ఒక వేసవిలో గోడ పెచ్చులూడితే ఒడియా మేస్త్రిని పిలిపించింది. ఆయన వంటగదిలో అడుగు పెట్టి, దగ్గి, పైకి చూసి, “ఏ కాంథొరె జాలి దొర్కార్, మా” అన్నాడు. ఈ గోడకి జాలి కావాలట. వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“మనుసులకే నేదు, గోడకేటయ్యా జాలి!”

నేను నవ్వాను. మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు. రెండు చేతుల వేళ్లూ ఒకదానిలో ఒకటి దూర్చి అల్లికలా చూపించాడు. మర్నాడు పువ్వుల చిల్లులున్న సిమెంటు పలకలు తెచ్చి, పడమటి గోడలో కప్పుకి దగ్గరగా బిగించాడు. వాళ్ల భాషలో జాలి అంటే అదట. సాయంత్రం పొయ్యి వెలిగించగానే పొగ లేచి, కాసేపు తటపటాయించి, ఆ పువ్వుల్లోంచి తిన్నగా సందులోకి వెళ్లిపోయింది. వదిన తలెత్తి చూసి చూసి, “నిజిమే వదినా, గోడకి జాలొచ్చింది” అంది. అప్పటి నుంచి మా బజారులో తెలుగువాళ్లందరికీ ఆ రెండు జాలులూ ఒకటే మాట అయిపోయాయి.

ఇంకొకరైతే తన వంటగది బాగుపడిందని ఊరుకునేవారు. ఆమె ఊరుకుంటేగా. మంగళవారం బజారు సెలవు. ఆ పూట వరస కొట్ల వాళ్లందరినీ హోటల్లో కూర్చోబెట్టి ఉప్మా పెట్టడం మొదలుపెట్టింది. “మీ కొట్టు ఎలాగ సల్లబడిందో, కట్టెలు, బొగ్గులు ఎలాగ మిగిలినాయో సెప్పాల. సెప్పనోడి ఉప్మాలో జీడిపప్పు నేదు” అనేది.

జీడిపప్పు మీద ఆశో, ఆమె మీద గౌరవమో, అందరూ చెప్పారు. రేకుల మీద సున్నం పూస్తే ఎండ వెనక్కి పోతుందని ఇస్త్రీ తమ్ముడు చెప్పాడు. రొట్టెలు దిగాక బట్టీ మీద మిగిలిన వేడిలో అందరి కట్టెలూ ఆరబెట్టుకోండి అన్నారు బాబాయిగారు. ఎండిన కట్టెకి పొగ సగమే వస్తుంది. కప్పు రేకు కోసి ఒక్క అద్దం పలక పెట్టిస్తే పగలు లైటు అక్కర్లేదని నేను చెప్పాను. అది పగిలి ఎవరి నెత్తిన పడుతుందోనని ఏడాదంతా పైకి చూస్తూనే కూర్చున్నాను, అది వేరే సంగతి. షావుకారు గారు మాత్రం ఏమీ చెప్పేవారు కాదు. అన్నీ అడిగేవారు. సున్నంలో ఏం కలపాలి, రేకుల కింద వెదురు తడక ఎంత ఎత్తున కట్టాలి, జాలి ఏ దిక్కున పెట్టాలి? అయినా వదిన ఆయన ఆకులో జీడిపప్పు వేసేది. “అడిగినోడికి సిగ్గక్కర్లేదు, దాసినోడికుండాల” అనేది.

నాకు భయం వేసేది. “అన్నీ అందరికీ సెప్పేస్తే నీ బేరం ఏటవుతాది వదినా?” అని గొణిగేదాన్ని.

“పక్క కొట్టుదీ మనదీ ఒకటే గాలి. ఆడి కాడ వేడెక్కితే మన కాడికే వస్తాది” అనేది.

ఆ గాలినే ఆపేశారు.

షావుకారు గారు మేడ కట్టారు. మూడు వైపులా జాలులు, ఎత్తు కప్పు, పగలు లైటు అక్కర్లేని హాలు. ప్రతి ముక్కా ఆ మంగళవారాల్లో ఉప్మాతోపాటు తిన్నదే. నాలుగో వైపు, వదిన గోడకీ ఆయన గోడకీ మధ్య ఉన్న సందులో మెట్లు కట్టుకున్నారు. మెట్లు వచ్చాక పొగ బట్టల మూటలకి పడుతుందన్నారు. “కొన్నాళ్లు మూసుకో పెద్దమ్మా, స్లాబు పడగానే మా మేడ దాటేలాగ నీకు గొట్టం ఏయిస్తాను” అన్నారు. ఆయన మనుషులే వచ్చి పువ్వుల చిల్లుల్లో ఇటుక ముక్కలు కుక్కి సిమెంటు మెత్తారు.

స్లాబు పడింది. గొట్టం రాలేదు. రంగులు వేశాక అన్నారు. గృహప్రవేశం అయ్యాక అన్నారు. దీపావళి వెళ్లాక అన్నారు. ఏ దీపావళో చెప్పలేదు.

నాకు ఒళ్లు మండేది ఇందుకు కూడా కాదు. మంగళవారాలు ఆగలేదు! ఆ మూసిన గదిలోనే కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, ఆమె దగ్గుతూ వడ్డిస్తుంటే తింటూ, ఎవరి కొట్టు ఎంత చల్లబడిందో చెప్పుకునేవారు. ఒక మంగళవారం నేను ఉండబట్టలేక అడిగాను. “షావుకారు బాబూ, మీ మేడకి మూడు పక్కలా జాలుంది. నాలుగో పక్క నేదేటి?” అందరూ నవ్వారు. హాస్యం అనుకున్నారు. వదిన గబగబా వచ్చి ఆయనకి ఇంకో గరిటె ఉప్మా వేసింది. తరవాత నా మీద కోప్పడింది. “ఆడు అలిగి రాకపోతే మంగళారం ఇరిగిపోతాది వదినా. గొట్టం ఎప్పుడో వస్తాది.” ఆమె మీద కూడా నాకు కోపమే. ఇప్పుడు చూపించుకోవడానికి మనిషి లేదు.

పొగకి దూరంగా ఉండమన్నాడు డాక్టరు. “సేపని నీటికి దూరంగుండమన్నట్టుంది” అని నవ్వింది. నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చింది.

ఇప్పుడు సంఘం వాళ్లు ఆమె ఫొటో పెద్దది కట్టించి, దండ వేసి, రంగు బల్బులు పెట్టి హోటల్లో తగిలిస్తారట. ఎక్కడా అని చూడడానికి వెళ్లాను. పడమటి గోడకి, పైన, సరిగ్గా ఆ మూసిన చోట మేకు కొట్టి ఉంది. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ పువ్వులు మసితో నల్లగా బయటికి వస్తాయి. ఫొటో పెడితే కనపడవు. మేకు నేనే పీకేశాను. ఎవరు పీకారా అని వెతకవద్దు.

పెద్దకర్మ కాగానే ఆమె కోడలు మళ్లీ ఆ పొయ్యిలే వెలిగించాలి. ఆ పిల్లకి అయిదో నెల. “పెరట్లో వొండుకుంటాను పెద్దమ్మా, నువ్వు బెంగెట్టుకోకు” అంటుంది. పెరట్లో వానొస్తే? జారి పడితే? లోపల వండితే ఆ పొగ కడుపులో బిడ్డకి తగలదా? 

నిన్న షావుకారు గారి మేడ మెట్లెక్కాను. “ఆవిడే పోయింది కదా పెద్దమ్మా, ఇప్పుడు గొట్టం ఎందుకు?” అన్నారు.

“ఆవిడ పోయింది బాబూ. పొయ్యి పోనేదు” అన్నాను.

ఆయన బట్టల తాను సర్దుకున్నారు. “సూద్దాం” అన్నారు.

చూడడానికి ఏమీ లేదు. ఆ ఒడియా మేస్త్రి ఇంకా ఉన్నాడు, ముసలివాడయ్యాడు. కబురు పెడితే “ఖోలిబి, మా” అన్నాడు. తెరుస్తానని. ఫొటోకి, బల్బులకి సంఘం కేటాయించినదంతా గొట్టానికి పెట్టండి. ఆమె ముఖం మాకు గుర్తుంది, దండ అక్కర్లేదు.

పదకొండో రోజు, సోమవారం, పెద్దకర్మ. మర్నాడు పొద్దున్న మేస్త్రి వస్తాడు. బాబాయిగారూ, తమ్ముడూ, షావుకారు గారూ, అందరూ రండి. ఉప్మా నేను చేస్తాను, అందరి ఆకుల్లోనూ జీడిపప్పు వేస్తాను. గోడలో ఆ నల్ల పువ్వులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాక కోడలు పొయ్యి వెలిగిస్తుంది. పొగ ఎటు పోతుందో అందరం తలలెత్తి చూద్దాం.

మంగళవారం. బజారు సెలవే.