కిటికీకి పూసిన నూనె

కుప్పంలో మదనపల్లె బస్సెక్కితే నా పక్కన కిటికీ దగ్గర యాభై దాటిన మనిషి ఒకాయన కూర్చున్నాడు. అద్దం జరిపినప్పుడల్లా కీచుమని చెవులు కోస్తోంది. వి.కోట దాటాక ఆయన సంచిలోంచి చిన్న నూనె సీసా తీశాడు.

"గ్రానైట్ ఫ్యాక్టరీలో మిగిలిందప్పా ఇది. ఓనరు ఐపీ పెట్టి మూసేసినాడు. మా జీతాలు ఆడే నిలిచిపోయినాయి."

"మరి ఈ నూనె ఎందుకన్నా?"

"మిషన్లు అమ్మితే మా జీతాలు వస్తాయనుకుంటిమి. తుప్పు పడితే ఎవురు కొంటారు? అందుకే వంతులేసుకోని, మా దుడ్లతోనే నూనె కొని పూస్తా వచ్చినాము. వేలంలో మంచి రేటే పలికినాయి."

"అయితే జీతాలు వచ్చినట్టేగా?"

"యాడొస్తాయి? బ్యాంకోళ్ల అప్పుకే సాల్లేదంట."

"కేసు వెయ్యలేదా?"

"ఏసినాము. వాయిదాలకి తిరగతానే ఉండాము. వచ్చేవాళ్లే తగ్గిపోతాండారు."

ఆయన అద్దం జారే గాడిలో నూనె చుక్కలు వేసి, ముందుకూ వెనక్కూ జరిపి చూసి, వేళ్లు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "ఈ బస్సేమన్నా మనదా అన్నా?" అని నవ్వబోయాను.

"ఆ మిషన్లు మాత్రం మావా అప్పా?" అన్నాడు.

పుంగనూరులో దిగిపోయాడు. మొహాన దుమ్ము కొడుతుంటే అద్దం మూశాను. చప్పుడే లేదు.

ఇప్పటికీ ఏ బస్సులోనైనా కిటికీ అద్దం సులువుగా జరిగితే నాకు మనసు బాగుండదు.