ఎదురుకొట్టు మాస్టారు కుట్టిన కోటు

పిల్లల వార్డులో నర్సు, మంచం పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ మాస్టారిని చూసి, "బాబు ఎక్కడండీ? బట్టలు మార్చాలి" అంది.

ఆయన బాబూ కాదు, బాబు తండ్రీ కాదు. నలభై దాటిన దర్జీ. కోట్ల మాస్టారంటే వీధిలో అందరికీ తెలుసు. ఆ పేరు నిలబెట్టింది సగం ఆయన చెయ్యి, సగం ఆయన నోరు.

"నాకేనమ్మా ఆపరేషన్" అన్నాడు, గోడ మీద వేసిన ఏనుగు బొమ్మ వైపు చూస్తూ. పెద్దల వార్డులో మంచం ఖాళీ లేక ఇక్కడ వేశారు. నర్సు నవ్వు ఆపుకుంది. నవ్వేసినా బాగుండేది.

ఏటా చలి మొదలయ్యేసరికి ఆయనకి టాన్సిల్స్ వాచేవి. జ్వరంతో కత్తెర పట్టలేకపోయేవాడు. తీయించుకోక తప్పదన్నాడు డాక్టరు. "చిన్నపిల్లలైతే నాలుగు రోజుల్లో ఆడుకుంటారు. పెద్దవాళ్ళకి నొప్పెక్కువ. రెండు వారాలు పని మానండి. నోరు విప్పకండి" అన్నాడు. ఆ చివరి మాటకి మాస్టారి భార్య డాక్టరు వంక జాలిగా చూసింది.

ఆ నోరు అలాంటిది మరి. వీధికి అటుపక్క ఇంకో దర్జీ ఉన్నాడు. చొక్కాలూ ప్యాంట్లూ కుడతాడు, తల ఎత్తడు, మాట తక్కువ. "ఆయన కాలర్ మనిషి మెడకా, కుక్క మెడకా?" అని మాస్టారు గుమ్మంలో నిలబడి అడిగేవాడు. ఒకసారి ఆ ఎదురుకొట్టు మాస్టారి చూపుడువేలి గోట్లోంచి మిషన్ సూది దిగి లోపలే విరిగింది. వారం పాటు కొట్టు మూశాడు. కట్టుతో తిరిగొచ్చిన పొద్దున మన మాస్టారు వీధంతా వినేలా, "సూది గుచ్చుకుంటే సెలవు పెట్టే దర్జీని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. టీ కొట్టు దగ్గర జనం నవ్వారు. అవతలాయన కట్టు వేలు ఒకసారి చూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అలాంటి నోటితో, పిల్లల ఆపరేషన్ చేయించుకుని మంచమెక్కానని ఎలా చెప్పుకుంటాడు? "ఎవరడిగినా గొంతు ఆపరేషన్ అను. అంతే" అని భార్యకి ముందే చెప్పాడు.

"టాన్సిల్స్ అంటే పరువు పోతుందా?"

"చెప్పినట్టు అను."

ఇల్లు కొట్టు మీది మేడలోనే. ఆపరేషనయ్యి ఇంటికొచ్చాక తెలిసింది, నొప్పి గొంతులో ఆగేది కాదని. గుక్కెడు నీళ్ళు మింగితే రెండు చెవుల్లోనూ సూదులు దిగేవి. సూది అనుకోగానే ఎదురుకొట్టాయన వేలు గుర్తొచ్చేది. గోడవైపు తిరిగి పడుకునేవాడు. నోరు తనకే కంపు కొట్టేది. జావ చల్లార్చి భార్య చెంచాతో పెడుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారేవి.

ఆ స్థితిలో చూడటానికి బొత్తాల పిన్ని వచ్చింది. దారాలూ బొత్తాలూ అమ్మే ముసలావిడ, వీధిలో అందరికీ పిన్నే. భార్య పాలు కాచడానికి లోపలికి వెళ్ళగానే ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మొత్తం తీసేశారా, అబ్బాయ్?"

మాస్టారు తలూపాడు.

"ఇంకెక్కడికీ పాకలేదు కదా?"

ఆవిడ ఏ జబ్బు అనుకుంటోందో ఆయనకి అర్థమైంది. తల అడ్డంగా ఊపొచ్చు. దిండు కింద కాగితం, పెన్సిలు ఉన్నాయి, రాసి చూపించొచ్చు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నవ్వు కన్నా జాలే నయమనిపించింది ఆ క్షణాన. ఆవిడ ముక్కు చీదుకోవడం వినబడింది.

బొత్తాల పిన్నికి తెలిసిందంటే వీధికి తెలిసినట్టే. మర్నాడు గుమ్మం ముందు పళ్ళు పెట్టి వెళ్ళారెవరో. టీ కొట్టువాడు రేడియో తగ్గించాడు. భార్య ఇదంతా మంచితనం అనుకుంది. మాస్టారు మాత్రం మింగలేక కక్కలేక పడుకున్నాడు.

తర్వాత ఒక ఉదయం కింద తన కాలి మిషన్ నడుస్తున్న చప్పుడు వినిపించింది. కాలు తనది కాదు. తను తొక్కితే మిషన్ పరిగెత్తుతుంది, ఈ కాలు ఆగి ఆగి తొక్కుతోంది. భార్య వైపు చూసి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పాడు.

"ఎదురుకొట్టు అన్నయ్యగారండీ. పెళ్ళికొడుకు కోటు సగంలో ఉంది కదా, పెళ్ళి దగ్గరపడింది, తాళాలిమ్మన్నారు. ఇచ్చాను."

మాస్టారు లేచి కూర్చున్నాడు. ఆ కోటుకి తర్వాత విప్పేసే కచ్చాకుట్లు వేసి వదిలేశాడు. కాలరూ చేతులూ ఎక్కించాలి. కోటు పనంతా అక్కడే ఉంది, అందులో పొరపాటైతే మనిషి గూనివాడిలా కనిపిస్తాడు. చొక్కాలు కుట్టుకునేవాడు నా కోటు మీద చెయ్యేస్తాడా! నాశనం చేస్తాడు, నా పేరుతో చేస్తాడు.

నేలకి చెవి ఆనించి విన్నాడు. కాసేపు మిషన్, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఏమిటో దర్జీకి తెలుసు. విప్పుతున్నాడు. నచ్చక విప్పి మళ్ళీ కుడుతున్నాడు. మరో రోజు కూడా అంతే.

పని పూర్తయ్యాక ఎదురుకొట్టు మాస్టారు కోటుని చేతి మీద వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. భార్య బజారుకెళ్ళింది. ఆయన కోటుని మంచం మీద పరిచి, పక్కన నిలబడ్డాడు, పరీక్ష రాసిన కుర్రాడిలా.

"చూడండి మాస్టారూ. తప్పుంటే వేలు పెట్టి చూపించండి, సరిచేస్తాను."

మాస్టారు తప్పు కోసమే చూశాడు. కాలర్ ఎత్తి చూశాడు. కిందివైపు చేతికుట్టు, నువ్వుగింజంత కుట్లు, పైకి ఒక్కటీ కనబడదు. అది తన పద్ధతి. తన పాత కోటొకటి కొట్టులో వేలాడుతుంటే దాన్ని తిరగేసి చూసి నేర్చుకున్నట్టున్నాడు. భుజం దగ్గర చెయ్యి ముడత లేకుండా కూర్చుంది. కాజాలన్నీ చేత్తో కుట్టినవే. అవతలాయన చూపుడువేలు చూశాడు. గోరు వంకరగా పెరిగింది, ఆ వేలు సరిగా వంగదు. నడిమివేలితో సూది తోసినట్టున్నాడు, దాని కొస పచ్చిగా ఎర్రగా ఉంది.

తప్పు దొరకలేదు.

"పెళ్ళివాళ్ళకి నేను కుట్టానని చెప్పకండి. మీ కోటే ఇది" అన్నాడు ఎదురుకొట్టాయన. కోటు చెయ్యి సర్దుతూ, "మా నాన్నా ఈ జబ్బుతోనే పోయాడు. గొంతులోనే. ముందు మాట పోయింది. చేతిలో పనులు మిగిలిపోయాయని రోజూ చేతులతో చూపించేవాడు. అప్పటికి నాకు పని రాదు. అందుకే మీ సంగతి వినగానే వచ్చాను. మీరు తిట్టకపోతే వీధి బోసిగా ఉంది మాస్టారూ, లేచి రండి" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు మాస్టారు. కాగితం అందుకోబోయి మానేశాడు. ఇది రాసి చూపించేది కాదు.

"టాన్సిల్స్" అన్నాడు. గొంతు చీల్చుకుని వచ్చింది.

"ఏంటీ?"

"టాన్సిల్స్... తీశారు. అంతే. జబ్బు లేదు."

"పిల్లలకి చేస్తారే, అదా?"

మాస్టారు తలూపాడు. అదే సమయానికి భార్య వచ్చింది, "కరిగిపోతుందని పరిగెత్తుకొచ్చానండీ" అంటూ, చేతిలో ఐస్‌క్రీం కప్పుతో.

ఎదురుకొట్టు మాస్టారు కప్పు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. కోటు తీసుకుని, "లోపలి బొత్తాం ఇంకా వెయ్యాలి" అని మెట్లు దిగాడు. కింద దీపం స్విచ్ నొక్కిన చప్పుడైంది. ఐస్‌క్రీం కరిగిపోయింది. మాస్టారు ముట్టుకోలేదు.

పెళ్ళికొడుకు వచ్చిన రోజు మాస్టారు తనే కిందికి దిగాడు. డాక్టరు వద్దన్నా దిగాడు. వీధి వీధంతా చూస్తోంది. పెళ్ళికొడుకు కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. వాళ్ళ నాన్న భుజాలు తడిమి, "అంత జబ్బులోనూ మీ చెయ్యి మీదే మాస్టారూ" అన్నాడు.

బొత్తాల పిన్ని అటుపక్క తన కొట్టు గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటోంది. ఎదురుకొట్టులో తల వంచుకుని కుడుతున్నాడాయన, ఇటు చూడటం లేదు.

ఊరుకుంటే అయిపోతుంది. గొంతు బాగాలేదు, అనకపోయినా ఎవరూ తప్పు పట్టరు.

"చెయ్యి నాది కాదు" అన్నాడు మాస్టారు. గరగరమంది. మళ్ళీ గట్టిగా, అటుపక్కకి వినబడేలా అన్నాడు: "ఈ కోటు ఎదురుకొట్టు మాస్టారిది. నాకు కుదిరేది కాదు. జబ్బు కూడా మీరనుకున్నది కాదు. టాన్సిల్స్. పిల్లల వార్డులో పడుకున్నాను."

అవతలి మిషన్ ఆగింది. టీ కొట్టు దగ్గర ఎవరో ముందు కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. బొత్తాల పిన్ని, "ఓరి నీ ఇల్లు బంగారంగానూ, నన్నేడిపించి చంపావు కదరా" అని చేతిలో దారపుండ విసిరేసింది. మాస్టారు కదల్లేదు. చెవుల్లో సూదులు దిగుతుంటే గుమ్మం పట్టుకుని, నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

"మాస్టారూ" అని పిలిచాడు ఎదురుకొట్టాయన, తల ఎత్తకుండానే. "సెలవు ఎన్నాళ్ళు పెట్టారు?"

వీధి మళ్ళీ నవ్వింది. మాస్టారు వంగి దారపుండ తీసి, దుమ్ము దులిపి, తిరిగిచ్చి రావడానికి వీధి దాటాడు.