రేడియేటర్లో అరకిలో పసుపు

ఒక ఆవునీ, ఒక పంతులుగారినీ, ముప్ఫై నలభై మంది చుట్టాలనీ ఒక్క క్షణంలో పసుపు రంగులోకి మార్చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నర్సీపట్నం వచ్చి, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మాస్టారి ఇల్లెక్కడని అడగండి. మీరెవర్ని అడిగితే వాడు ముందు నవ్వుతాడు, తరవాత దారి చూపిస్తాడు. ఆ ఘోరం గురించి మాత్రం వాణ్ణి అడక్కండి. ఊళ్ళోవాళ్ళు సగమే చెబుతారు. నేనైతే మొత్తం చెబుతాను. నిజాన్ని ఉత్తగా పెడితే గొంతు దిగదు కాబట్టి మధ్యలో కాస్త నెయ్యి వేస్తాను, అంతే.

అప్పుడు నాకు ముప్ఫై రెండేళ్ళు. తోటి మాస్టర్లందరూ బైపాస్ పక్కన స్థలాలు కొనుక్కుంటుంటే నేను ఇంగ్లండులో పుట్టిన పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. విశాఖపట్నంలో ఓ రిటైరైన ఓడల ఆఫీసరుగారి షెడ్డులో అది ఇరవై ఏళ్ళుగా కోళ్ళకి కాపురమిస్తూ ఉండేది. పొడుగాటి ముక్కు, ఎర్ర రంగు, రెండే సీట్లు, పైకప్పు లేదు. చూడగానే పెళ్ళిచూపుల్లో కుర్రాడిలా నోరు తెరిచాను. కోళ్ళు నా వంక జాలిగా చూశాయి. వాటికి తెలుసు.

లారీలో ఎక్కించి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ సత్యవతి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. గుడి చుట్టూ తిరిగినట్టు కాదు, సంతలో గొడ్డు చుట్టూ తిరిగినట్టు.

"ఏటండీ, ఇద్దరే కూర్చుంటారా దీన్లో?"

"స్పోర్ట్స్ కారంటే అంతేనే."

"మరి అత్తయ్యగారో?"

నేను టైర్లో గాలి చూస్తున్నట్టు కిందికి వంగాను.

"వానొస్తే?"

"గొడుగు వేసుకుంటాం."

"గొడుగేసుకుని నడిసెళ్తే సరిపోద్ది కదా. మజ్జిన ఇంత ఇనుమెందుకండీ?"

ఆ ప్రశ్నకి ఆదివారం ఆదివారం దాని కింద దూరి వెల్లకిలా పడుకోవడమే జవాబనుకున్నాను. ఆ కారు నట్లు అంగుళాల కొలతవి. మన ఊళ్ళో పానాలు మిల్లీమీటర్లవి. అంటే ప్రతి నట్టుకీ ఒక పానా కొంచెం పెద్దది, దాని కింది పానా కొంచెం చిన్నది. చేతగాని మెకానిక్కుకే పానాలెక్కువ అన్నట్టు మొత్తం పెట్టెడు కొన్నాను. ఇక్కడ బిగిస్తే అక్కడ ఊడేది. ఆయిలు ఎక్కడి నుంచి కారుతోందో కనిపెట్టాలంటే, ఎక్కడి నుంచి కారడం లేదో చూసుకోవడం తేలిక. కార్బురేటర్‌ని చింతపండుతో తోమి తళతళలాడించి పూజ గిన్నెల పక్కన ఆరబెడితే, మా అమ్మ దానికి బొట్టు పెట్టి వెళ్ళింది. పదకొండు నెలలకి ఇంజను పలికింది. ఆ చప్పుడుకి ఎదురింటి గేదె రెండు రోజులు పాలివ్వలేదని వాళ్ళు చెప్పుకున్నారు. నా లెక్కన ఒక్క రోజే.

ఇల్లంతా గ్రీజు మరకలు. సత్యవతి ఓపిక పట్టింది, పట్టింది, ఒకరోజు పట్టడం మానేసింది. రోలుగుంట దగ్గర వాళ్ళ అన్నయ్య అప్పలనాయుడు, జీడితోటల మీద బతికే మంచి రైతు, కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం ఉదయం ఎనిమిది నలభైకి గృహప్రవేశం. ఆడపడుచు లేనిదే పాలు పొంగవు కాబట్టి మా ఆవిడ వెళ్ళి తీరాలి. శుక్రవారం నా ముందు నిలబడి తీర్పు చెప్పింది.

"ఆదివారం ముహూర్తానికి నన్ను దీన్లో తీసుకెళ్ళి అన్నయ్య గుమ్మంలో దింపండి. దింపితే బండి ఉంటాది. ముహూర్తం తప్పిందా, సోమవారం పాతినప సామాన్లోడు ఒస్తాడు. నేనే తూకం ఏయిస్తాను."

మాట మీద నిలబడే మనిషి. అదే భయం.

శనివారం మధ్యాహ్నం చూద్దును కదా, రేడియేటర్ కారుతోంది. చుక్కలు చుక్కలుగా కాదు, ధారగా. సోల్డరింగ్ షాపువాడు రెండు రోజులు పడుతుందన్నాడు. తల పట్టుకుని కూర్చుంటే పక్కింటి నూకరాజు గోడ మీంచి తొంగి చూశాడు. ముప్ఫై ఏళ్ళు ఏజెన్సీ ఘాట్లలో లారీ తోలిన మనిషి. ఇప్పుడు తోలడానికి లారీ లేక నన్ను తోలుతుంటాడు.

"ఏటి మాస్టారూ, రేడియేటరా? దానికంత దిగులేటి. ఓ సెంచాడు పసుపేసి నీల్లు పొయ్యండి. ఘాట్లో మేం సేసే పనదే. కన్నం దానంతటదే పూడిపోతాది."

"చెంచాడేనా?"

"సెంచాడే. ఎక్కువెయ్యకండి, అది పులుసు కాదు."

ఇక్కడ, పాఠకులారా, నా చదువు నా కొంప ముంచింది. చదువుకోనివాడైతే చెంచాడు వేసి ఊరుకునేవాడు. నేను త్రైరాశికం వేశాను. చెంచాడు పసుపు ఒక లారీని ఒక ఘాట్ దాటిస్తే, అరకిలో పసుపు ఒక చిన్న కారుని ఎంతకాలం కాపాడును? జవాబు: యావజ్జీవం. వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ సరిగ్గా అరకిలో పసుపు, రబ్బరు బ్యాండు చుట్టిన సంచిలో, నా కోసమే ఎవరో పెట్టినట్టు ఉంది. ఘుమఘుమలాడే ఏజెన్సీ పసుపు. పోసేశాను. నీళ్ళు పోశాను. కారడం ఆగిపోయింది. నూకరాజు చేతులెత్తి నమస్కారం పెట్టాలి కదా అని చూస్తే, లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం సత్యవతి వంటింట్లోంచి అంటోంది: "ఆ సంచీలో పసుపు ముట్టుకోకండి. అన్నయ్య గడపకి రాయడానికి కొమ్ములు కొని నేనే ఆడించాను. ఆడపడుచు పట్టుకెళ్ళాల్సిన పసుపది."

నా రక్తం రేడియేటర్లో నీళ్ళలా ఆగిపోయింది. సంచి ఖాళీగా నా జేబులో ఉంది. కొట్టుకి వెళ్ళి కొనుక్కు రావచ్చు కదా అంటారు మీరు. మీకు ఇప్పుడు తోచింది. నాకు అప్పుడు తోచింది శనగపిండి. ఆవిడ అటు తిరగగానే డబ్బాలోంచి అరకిలో శనగపిండి సంచిలోకి వంపి, పోపుల పెట్టెలో మిగిలిన పసుపు రంగు కోసం కలిపి, రబ్బరు బ్యాండు వేసి యథాస్థానంలో పెట్టాను. చేసిన తప్పుని ఇంకో తప్పుతో కప్పితే రెండూ కనబడవనే నమ్మకం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఆదివారం ఉదయం బయల్దేరాం. సత్యవతి పట్టుచీర, ఒళ్ళో పసుపు సంచి, పాల గిన్నె. పైన గాలి, కింద నా గుండె. దారిలో చెరుకు బళ్ళవాళ్ళు ఆగి చూశారు, పిల్లలు వెంట పరిగెత్తారు, కొంతమంది దాటి ముందుకు కూడా వెళ్ళిపోయారు. వేడి చూపించే ముల్లు ఊరు దాటేసరికి ఎర్ర గీత మీద నిలబడింది. పాత మీటరు, పాపం చెడిపోయిందనుకున్నాను. రేడియేటర్లో కాలువలన్నీ పసుపు ముద్దతో పూడిపోయి నీళ్ళు తిరగడమే మానేశాయని నాకెలా తెలుస్తుంది? నేను ఫిజిక్స్ మాస్టార్ని, జ్యోతిష్కుణ్ణి కాదు.

ఎనిమిది ఇరవైకి బావ గుమ్మంలో దిగాం. చుట్టాలందరూ కారు చుట్టూ మూగారు. బావ నా భుజం తట్టి, బండి ఫొటోలో పడాలి, ముక్కు గుమ్మం వైపు తిప్పి దగ్గరగా పెట్టు బావా అన్నాడు. పెట్టాను. ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదేమోనని ఇంజను ఆపలేదు. సత్యవతి నా వంక చూసి చిన్నగా నవ్వింది. పదకొండు నెలల్లో మొదటి నవ్వు. బండి నిలిచిందని నిశ్చయించుకున్నాను.

ఆవిడ వెళ్ళి పసుపు కలిపి గడపకి రాసింది. రాస్తూ, ఈసారి పసుపేటో జిగురుగా ఉంది వదినా అంటోంది. అంత చిక్కని పసుపమ్మా అంది వాళ్ళ వదిన. నేను ఆకాశం వైపు చూశాను.

ముహూర్తం దగ్గర పడింది. ముందు ఆవు గడప దాటాలి, వెనక దంపతులు. పక్కింటివాళ్ళ తెల్లావుని పూలదండ వేసి తెచ్చారు. అది దర్జాగా నడిచి వచ్చి, గడప ముందు ఆగి, తల వంచి, గడపని నాకడం మొదలుపెట్టింది.

అందరూ భక్తిగా చూశారు. గోమాత గడపకి ముద్దు పెడుతోంది అన్నాడెవరో. అర నిమిషం ఆనందించారు. ముద్దు రెండు నిమిషాలు దాటాక పంతులుగారు దగ్గారు. కుడి మూల నాకేసి ఎడమ మూలకి వచ్చింది ఆవు. బావ తాడు పట్టి లాగాడు. బజ్జీల పిండి నాలిక్కి తగిలాక ఏ ఆవు కదుల్తుంది? గుమ్మంలో ఆవుని కొట్టకూడదు, తిట్టకూడదు. పక్కన పెట్టి మనుషులు దాటకూడదు. ఎనిమిది ముప్ఫై ఏడు. బావ భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏటమ్మా ఆ పసుపు?" అన్నారు పంతులుగారు.

సత్యవతి వంగి, గిన్నెలో మిగిలింది వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. తరవాత అంతమంది మధ్యలోంచి నన్ను వెతికి పట్టుకుంది. నేను అరటి గెల వెనక ఉన్నాను, అయినా పట్టుకుంది. పెదాలు మాత్రమే కదిపి అడిగింది, నా పసుపు ఎక్కడ అని.

జవాబు నేను చెప్పక్కర్లేకపోయింది. కారే చెప్పింది.

ముందు బానెట్‌లో కుక్కరు కూత లాంటిది లేచింది. నేను పరిగెత్తుకెళ్ళి బానెట్ ఎత్తానో లేదో, రేడియేటర్ మూత ఊడి జామచెట్టు దాకా ఎగిరింది. దాని వెనక పసుపు. తాటిచెట్టంత ఎత్తు లేచి, ఆ ఎత్తులోనే చల్లారి, గొడుగులా విచ్చుకుని, ఆవు మీద, పంతులుగారి మీద, తెల్ల పంచెల మీద, పట్టుచీరల మీద గోరువెచ్చగా కురిసింది. ఆ దెబ్బకి ఆవు చెంగున గడప దాటి, హాలు దాటి, వంటింట్లోకి వెళ్ళి నిలబడింది.

పంతులుగారు చేతి గడియారం మీద పసుపు తుడిచి చూశారు.

"ఎనిమిది నలభై. దంపతులు బేగి లోపలికి నడవండి."

ఇంక అందరికీ మాటలొచ్చాయి. ఓ ముసలమ్మ తడిసిన చీర కళ్ళకద్దుకుంది. గడపకి పసుపు లేదని బెంగపడితే ఇంటికే పసుపు స్నానం అయిందంది. పాలు పొంగక ముందే బండి పొంగింది, ఇంత శుభం మా తాత కూడా చూళ్ళేదన్నాడు బావ. పంతులుగారు ఇంకో మెట్టెక్కారు. ఆవుని లోపలికి పంపిన వాహనం ఈ ఇంటి గుమ్మం వదలకూడదన్నారు. ఎలాగూ వదల్లేదు. ఇంజను ఆ కేకతోనే బిగుసుకుపోయింది. పదిమంది కలిసి మోసి పెరట్లో పెట్టారు.

తిరుగు ప్రయాణం బస్సులో. నేను పసుపు చొక్కాతో కిటికీ పక్కన, సత్యవతి పసుపు చీరతో నా పక్కన. సగం దారి వరకూ ఓర్చుకుని అన్నాను.

"ముహూర్తానికి దింపాను. బండి ఉంటుందన్నావు."

"ఉంది కదండీ."

"మీ అన్నయ్య పెరట్లో ఉంది."

"తూకానికేశానా? లేదు కదా. మాట తప్పే మనిషిని కాదు నేను." అని కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. ఏడవడం లేదు.

ఇప్పటికీ ఆ కారు అక్కడే ఉంది. శుక్రవారం శుక్రవారం బావ భార్య దాని ముక్కుకి బొట్టు పెడుతుంది. ఎండాకాలంలో సీట్ల మీద జీడిపిక్కలు ఆరబోస్తారు. నేను వెళ్తే కాఫీ ఇస్తారు గానీ పానా ఇవ్వరు.

అందుచేత నర్సీపట్నం పురప్రజల సాక్షిగా, కాలేజీ ల్యాబులో ఉన్న సమస్త పరికరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరే రేడియేటర్లోనూ పసుపు గానీ, కారం గానీ, ఏ ఇతర సంబారం గానీ వెయ్యను. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడానికి ఏర్పాట్లు కూడా మొదలుపెట్టాను. మొన్న కోటవురట్లలో ఒకాయన గొడ్ల చావిట్లో పాత ఇంగ్లీషు మోటారుసైకిలు ఒకటి చూసొచ్చాను. చుట్టూ తిరిగి, కిందికి వంగి, క్షుణ్ణంగా పరిశీలించాను. దానికి అసలు రేడియేటరే లేదు.