ఒకటో తేదీ ఉపవాసం

మా వియ్యంకుడు ఏదైనా వద్దనాలంటే అరచేతిని పళ్లెం మీద బోర్లించేవారు. అమెరికాలోని నోవైలో మేమిద్దరం పిల్లల ఇంట ఉన్న ఏడాది, ఆయన ప్రతి నెలా ఒకటో తేదీన ఉపవాసమని నూతన సంవత్సర తీర్మానం చేశారు. జనవరి ఒకటిన ఏమీ తినకుండానే, అలవాటుగా షుగర్ మాత్ర మింగారు.

మధ్యాహ్నం రెండున్నరకు ఆయనకు చెమటలు పట్టాయి. మీటరులో షుగర్ యాభై రెండుకు పడిపోయింది. అమ్మాయి అంబులెన్స్‌కు ఫోన్ చేస్తుండగా, నేను పంచదార నీళ్లు అందించాను. గ్లాసు మీద అరచేయి బోర్లించారు.

"మాటంటే మాటే బావగారూ. ఒకటో తేదీ ఇంకా అయిపోలేదు."

"ఇండియాలో అర్ధరాత్రి దాటింది బావగారూ! అక్కడ రెండో తేదీ! తాగండి!"

ఆయన ఒక్క క్షణం లెక్క చూసుకుని, చేయి తీశారు.

ఇప్పటికీ ఎవరైనా పళ్లెం మీద చేయి అడ్డుపెడితే, నాకు ఆ యాభై రెండే కనిపిస్తుంది.